పచ్చికబయలు - చిఱుజెట్టు

నేటి ప్రసంగమునకు నేను గ్రహించిన విషయము మీలో కొందఱికి పిల్లలాటవలె తోచవచ్చును. బారెడు ఱెక్కలు గల చిన్న విమానములలో నిజమైన జెట్టు యంత్రమును బిగించి, గడ్డినేలమీద పరుగెత్తించి, ఆకాశమున కెగురవేయు క్రీడ యొకటి ఐరోపా, అమెరికా ఖండములలో నలువది యేండ్లుగా పెంపొందుచున్నది. ఎగురవేయువాడు నేలమీదనే నిలిచి, చేతిలోని పెట్టెనుండి రేడియో తరంగములచే దానిని నడపును. బడిలో చరిత్ర చెప్పిన కాలమున రాజుల యుద్ధములను, వాని తేదీలను బాలురచే వల్లె వేయించితిని. ఒక పనిముట్టు ఎవరి చేతులలో పుట్టి, ఎవరి చేతులలోనికి పోయి, మరల ఎవరికి దక్కెనో చెప్పు అవకాశము ఆ పాఠ్యపుస్తకములలో తఱచుగా లేకుండెను. ఆ కొఱతను ఈ సాయంకాలము కొంత తీర్చుకొనుచున్నాను.

జెట్టు యంత్రమనగా నేమో ముందుగా చెప్పవలెను. ముందువైపున నున్న యొక చక్రము గాలిని పీల్చి నొక్కును. నొక్కబడిన గాలి యొక పేటికలో ప్రవేశించును. అచ్చట కిరసనాయిలు మండుచుండును. కాగి వ్యాకోచించిన గాలి వెనుకకు పరుగెత్తుచు, దారిలో మఱియొక చక్రమును త్రిప్పును. ఈ రెండవ దానికే టర్బైను అని పేరు. రెండు చక్రములును ఒకే యిరుసునకు బిగింపబడియుండుటచే వెనుకది తిరిగినచో ముందుది తిరిగి, మరల గాలిని పీల్చును. మిగిలిన వేడిగాలి గొట్టమునుండి వెడలి విమానమును ముందునకు త్రోయును. కమ్మరి కొలిమియొద్ద తిత్తి నూదువా డొకడు, ఇనుము కాల్చువా డొకడు ఉందురు గదా. ఇచ్చట నిప్పే తన తిత్తిని తా నూదుకొనుచున్నది.

మన పురాణములలో విమానములున్నవి, పుష్పకమున్నది. వానిని చదివి ఆనందింతును. కాని వానిలో టర్బైనును వెదకుట నాకు సమ్మతము కాదు. వైమానిక శాస్త్రమను పేర ప్రచారములో నున్న గ్రంథము ప్రాచీనము కాదనియు, ఇరువదవ శతాబ్దపు ఆరంభమున రచింపబడిన దనియు బెంగుళూరు విజ్ఞాన సంస్థలోని పండితులు 1974లోనే పరిశీలించి తేల్చిరి. మన పూర్వులకు కీర్తి తెచ్చుటకు వారు చేసిన పనులే చాలును.

ఈ యంత్రమును ఇంగ్లాండులో ఊహించినవాడు ఫ్రాంక్ విటిల్. 1907లో కోవెంట్రీ నగరమున జన్మించి, విమాన దళములో శిక్షార్థిగా చేరి, అధికారి యైనవాడు. 1930 జనవరిలో తన కల్పనకు పేటెంటు కోరెను. ప్రభుత్వము వారు ఆసక్తి చూపలేదు. 1935లో ఆ హక్కును నిలుపుకొనుటకు అయిదు పౌనులు రుసుము చెల్లింపవలసి వచ్చెను. విటిల్ వద్ద ఆ సొమ్ము లేదు. విమాన శాఖ చెల్లింపదయ్యెను. హక్కు జాఱిపోయినది. తరువాత మిత్రులు కొందఱు తోడై 1936లో చిన్న సంఘము స్థాపింపగా, 1937 ఏప్రిలు 12వ తేదీన రగ్బీ పట్టణమున యంత్రము మొదటిసారి తిరిగెను.

ఆ దినమున జరిగినది గుర్తుంచుకొనుడు, దీనితో మరల పని పడును. యంత్రము తిరుగ నారంభించిన కొలది క్షణములకే విటిల్ ఆజ్ఞకు లోబడక తనంత తానే వేగము పెంచుకొనజొచ్చెను. కీచుమని గొంతు హెచ్చెను, రేకులు ఎఱ్ఱబాఱెను. చుట్టు నున్నవారు పరుగెత్తిపోయిరి. విటిల్ మాత్రము తావు కదలక ఇంధనము మూసివేసెను. మూసివేసినను వేగము తగ్గలేదు! కారణము తరువాత తెలిసినది. తిరుగక మునుపే ఇంధనము కొంత లోపలికి కాఱి మడుగు కట్టినది. అది మండినంతసేపు యంత్రము ఎవరి మాటయు వినలేదు.

జర్మనీలో అదే కాలమున హాన్స్ ఫాన్ ఓహైను అను యువకుడు స్వతంత్రముగా ఇదే మార్గమున కృషి చేసి, విటిల్ కంటె ముందుగనే గాలిలోనికి లేచెను. 1939 ఆగస్టు 27వ తేదీన ఆయన యంత్రముతో హైంకెల్ వారి విమానము రోస్టాకు నగర సమీపమున ఎగిరినది. అయిదవ దినమున జర్మనీ పోలండుపై దండెత్తెను. జెట్టు యంత్రము పుట్టుటయే యుద్ధమునకు తోబుట్టువుగా పుట్టినది.

విటిల్ యంత్రము గల గ్లాస్టర్ విమానము 1941 ఏప్రిలులో సిద్ధమయ్యెను. దానిని మొదట పరుగెత్తించినది ఎచ్చట? గ్లాస్టర్‌షయరులోని బ్రాక్‌వర్తు వద్ద, గడ్డిబయలుమీద. ఏప్రిలు 8వ తేదీన పైలటు జెర్రీ సేయరు దానిని అటునిటు పరుగెత్తించుచుండగా, ముమ్మాఱు నేల విడిచి, నూఱు గజములు మొదలు రెండువందల గజముల వఱకు గంతులు వేసినది. మే 15వ తేదీ సాయంకాలము క్రాన్‌వెల్లు మైదానమునుండి పదునేడు నిమిషములు ఎగిరెను. అనగా ఇంగ్లాండు దేశపు మొదటి జెట్టు తొలి గంతులు వేసినది పచ్చిక మీదనే. ఆ కాలపు విమానాశ్రయములు చాలవఱకు అట్టివే. గొఱ్ఱెలు మేసినచోటనే విమానములు దిగుచుండెడివి.

కాని జెట్టునకు పచ్చికతో పొత్తు నిలువలేదు. కారణములు పెక్కు. పంకా గల పాత విమానము పంకా విసరిన గాలిని తన తోకపై తగిలించుకొని, పరుగు మొదట్లోనే మాట వినును. జెట్టునకు ఆ సాయము లేదు, అది మెల్లగా వేగము పుంజుకొనును. కావున పొడవైన బాట కావలెను. దిగునపుడును వేగము హెచ్చు. బరువు పెరిగినకొలది చక్రములు నేలలో దిగబడును. అన్నిటికంటె మించి, ముందున్న నోరు చీపురువలె నేలను ఊడ్చి మ్రింగును. గడ్డి పోచ పోయిన పోవచ్చును, గులకరాయి పోయినచో చక్రపు ఱెక్క విఱుగును.

ఇక వెనుకనుండి వచ్చు మంటగాలి మాట. తోకక్రింద చిన్న చక్రముండి ముక్కు పైకెత్తి నిలుచుట పాత విమానముల వాలకము. జెట్టు అట్లు నిలిచినచో గొట్టము నేలను చూచును. జర్మనుల మెస్సర్‌ష్మిట్టు 262 మొదట ఇట్లే నిర్మింపబడెను. 1942 జూలై 18వ తేదీన లైప్‌హైము వద్ద ఫ్రిట్స్ వెండెల్ అను పైలటు దానిని ఎగురవేయుటకు ఒక సాహసము చేయవలసి వచ్చెను. మహావేగమున పరుగెత్తుచుండగా బ్రేకును ఒక్కసారి తట్టి, తోకను పైకి లేపి, అప్పుడు గాని నేల విడువలేకపోయెను. తరువాత ముక్కుక్రింద చక్రము పెట్టి ఆ బాధ తీర్చుకొనిరి. ఇంగ్లాండు వారు సూపర్‌మెరీన్ అటాకరు అను జెట్టును 1946లో ఎగురవేసిరి. దానికిని తోకచక్రమే. గడ్డిబయలునుండి లేచునప్పుడు దాని మంటగాలి నేలను చీల్చి, ముగ్గురు మనుష్యులు పండుకొనదగినంత చాలు తీసెడిదని చెప్పుదురు. నాగలి పట్టినవారికి ఆ చాలు ఎంతటిదో నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

అందుచేత ప్రభుత్వములు కాంక్రీటు పఱచినవి. మైలు చాలక మైలున్నర, రెండు మైళ్లు. బాటను పఱచుటకు రాజ్యపు బొక్కసము కావలెను, ఊడ్చుటకు నౌకరులు కావలెను. జెట్టు రాజుల సొత్తయ్యెను. సేనానులకు దీనివలన భయమును లేకపోలేదు. బాటపై నాలుగు బాంబులు పడినచో వజ్రాయుధము వంటి విమానము కుంటిదగును. 1950 దశకమున నాటో కూటమి వారు పచ్చికనుండి ఎగురగల తేలిక జెట్టు కావలెనని పోటీ పెట్టగా, ఇటలీ వారి ఫియట్ జీ-91 గెలిచెను. రష్యావారి మిగ్-29 నేలమీద నున్నంతసేపు ముందరి నోళ్లను తలుపులతో మూసుకొని, వీపుమీది గవాక్షములనుండి గాలి పీల్చును. ఆ విమానము 1987లో మన వైమానిక దళమునను ప్రవేశించినది. ఇంత పాటుపడినను పచ్చిక పెద్దజెట్టులకు పుట్టినింటి జ్ఞాపకముగనే మిగిలినది.

ఇప్పుడు చిన్నవాని కథకు వత్తము. యుద్ధానంతరము ప్రతి దేశమునను బాలురకును, బాలుర మనస్సు గల పెద్దలకును జెట్టుపై మోజు పుట్టెను. నిజమైన యంత్రము అసాధ్యమని అందఱును నమ్మిరి. ఇంగ్లాండులో 1948లో జెటెక్స్ అని చిన్న డబ్బా అమ్మిరి. అందులో మందుబిళ్ల పెట్టి వత్తి ముట్టించినచో కొన్ని క్షణములు బుస్సుమని మండును. మన దీపావళి జువ్వకు బుద్ధిమంతుడైన తమ్ముడనుకొనుడు. అమెరికాలో డైనాజెట్ అనునొక గొట్టముండెడిది. అది 1944లో లండనుపై పడిన జర్మనుల వీ-1 బాంబుల జాతిది. తిరుగు చక్రములు లేక, పేలుచు పేలుచు పోవును. దాని ధ్వని వినినవారి చెవులు దినమంతయు గింగురుమనుచుండెడివట. మఱికొందఱు మామూలు పెట్రోలు యంత్రమును గొట్టములో దాచి, దానికి చిన్న పంకా తగిలించి జెట్టువలె భ్రమ కల్పించిరి. పైకి జెట్టు, లోపల పంకా.

నిజమైన టర్బైను ఏల అసాధ్యమనిరి? యంత్రమును చిన్నది చేయవచ్చును గాని గాలిని చిన్నది చేయలేము. గాలి తన జిగటను మానుకొనదు. పెద్ద యంత్రములో చక్రమునకును చుట్టునున్న గోడకును నడుమ వెండ్రుకవాసి సందు లెక్కకు రాదు. బొటనవ్రేలంత ఱెక్క గల చక్రమునకు ఆ సందే పెద్ద కన్నము, నొక్కిన గాలి అంతయు దానినుండి పాఱిపోవును. పైగా గాలిని నొక్కవలెనన్న చక్రపు అంచు శబ్దవేగమునకు సమముగనో మించియో పోవలెను. చక్రము చిన్నదైనకొలది తిరుగుడు హెచ్చవలెను. అఱువదియాఱు మిల్లీమీటర్ల చక్రము, అనగా మన అఱచేతిలో ఇముడునది, నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరిగిన గాని పనికి రాదు. లెక్క వేసి చూచుకొనుడు: దాని అంచు క్షణమునకు మూడువందల నలుబదియైదు మీటర్లు ప్రయాణము చేయుచున్నది. అంతటి తిరుగుడునకు ఇరుసు గుండ్లు నిలుచునా? అంత వేడికి ఱెక్కలు నిలుచునా? కావున పెద్ద సంస్థల యంత్రజ్ఞులకు దీనియందు ఆశ లేకపోయెను. వారి దృష్టియు తప్పు కాదు; వారి లెక్కలు పెద్ద యంత్రములకు సరిపోయినవే.

అయినను 1983 మార్చి 20వ తేదీన ఇంగ్లాండులోని గ్రీన్‌హాము కామన్ అను చోట, జెర్రీ జాక్‌మన్ అను ఔత్సాహికుడును ఆయన మిత్రులును ఇంటివద్ద నిర్మించిన టర్బైనుతో రేడియో విమానమొకటి ఎగిరెను. గాలి టర్బైనుతో రేడియో విమానము ఎగురుట అదియే ప్రథమమని చెప్పుదురు. స్థలమును గమనింపుడు. గ్రీన్‌హాము కామన్ పూర్వము ఊరుమ్మడి బీడు. యుద్ధకాలమున ప్రభుత్వము దానిని తీసికొనెను. తరువాత అమెరికా వారి బాంబరుల కొఱకు పదివేల అడుగుల కాంక్రీటు బాట పఱచిరి. 1981నుండి దాని కంచె వెలుపల స్త్రీలు గుడారములు వేసికొని, అణ్వస్త్రములు వలదని సత్యాగ్రహము చేయుచుండిరి. 1983 నవంబరులో, చిన్న జెట్టు ఎగిరిన ఎనిమిది నెలలకు, క్షిపణులు అచ్చటికి వచ్చినవి. ఒకే బాట, ఒకే సంవత్సరము. ఒకవైపు ఆట, మఱియొకవైపు మహామారి.

జాక్‌మన్ చూపినది సాధ్యమని. సామాన్యుడును చేయగలడని చూపినవాడు జర్మనీ దేశీయుడు కుర్ట్ ష్రెక్‌లింగ్. ఈయన పని నాకు మిక్కిలి ప్రీతికరము. 1980 దశకపు చివరి యేండ్లలో ఈయన తన యింటి పనిగదిలో ఒక టర్బైనును రూపొందించెను. గాలిని నొక్కు ముందుచక్రమును దేనితో చేసెననుకొన్నారు? కఱ్ఱతో! పలుచని చెక్కపొరలు అంటించిన ప్లైవుడ్డును చెక్కి, చుట్టును కార్బను నారతో కట్టు కట్టెను. మన యెడ్లబండి చక్రమునకు కమ్మరి ఇనుపపట్టా తొడుగుట ఎట్లో ఇదియు నట్లే. చెక్క విచ్చిపోకుండ పట్టా కాపాడును. వెనుకచక్రమును వేడికి ఓర్చు ఉక్కురేకునుండి కోసి, ఱెక్కలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి వంచెను. ఇంధనము మండుటకు ముందు ఆవిరి కావలెను. అందులకై మంటలోనే ఒక గొట్టమును చుట్టి పెట్టెను. పెండ్లిండ్లలో పెట్రోమాక్సు దీపము వెలిగించినవారు ఈ ఉపాయమును వెంటనే గుర్తింతురు. ఆ దీపములోను కిరసనాయిలు తన మంటచేతనే కాగి, ఆవిరియై, మంటను చేరును. తరిమెన, అనగా లేతు మిషను, రంపము, అతుకుటకు సాధనములు, వీనితోనే పని ముగిసెను.

ఇంతకంటె గొప్ప కార్యము ఇంకొకటి చేసెను. తన కొలతలను, బొమ్మలను, చేయు విధానమును గ్రంథముగా ప్రకటించెను. 1990 దశకమున అది ఆంగ్లములోనికిని వచ్చినది. మన దేశమున ఒక మందు తెలిసిన వైద్యుడు కొడుకునకు సయితము చెప్పక చనిపోవుట మీరెఱుగుదురు. ఎందఱి విద్య అట్లు చితిమీదికి పోయెనో! ష్రెక్‌లింగ్ గ్రంథము వెలువడగానే దేశదేశముల చిన్న పనిగదులలో టర్బైనులు కూయసాగెను.

ఆయన వెనుకనే థామస్ కాంప్స్ అను మఱియొక జర్మను వచ్చెను. ఈయన కఱ్ఱచక్రమునకు బదులు లారీ, కారుల డీజిలు యంత్రములలో నుండు టర్బో అను పరికరమునుండి అల్యూమినియము చక్రమును తీసికొనెను. అట్టిది నేడు మన ఊరి బస్సులోను ఉన్నది. యంత్రపు వెలుపలి తొడుగునకు శిబిరములలో వంట చేసికొనువారు వాడు గ్యాసు డబ్బా సరిపోయెను. ఈ రీతిని రూపొందిన కేజే-66 అను యంత్రము కిలో బరువునకు అటునిటుగా తూగి, ఏడెనిమిది కిలోల బలముతో త్రోయును. తన బరువునకు ఏడు రెట్లు! ఆలోగా ఫ్రాన్సులో జేపీఎక్స్ అను సంస్థ ప్రొపేను వాయువుతో నడచు టర్బైనును అంగడికి తెచ్చెను. తరువాత జర్మనీలో జెట్‌కాట్ వంటి సంస్థలు మీట నొక్కినంతనే తనంతట వెలుగు యంత్రములను చేసినవి. అవి ఎట్లు పెరిగినవో చెప్పుచు కూర్చుండిన వర్తకపు పట్టీ అగును, దానిని విడిచెదను.

చిన్న టర్బైను పుట్టిన పిమ్మట పెద్దజెట్టులు విడిచిన పచ్చిక దానికి దొరకినది. క్రీడాకారుల సంఘములకు కాంక్రీటు పఱచు స్తోమత లేదు; రైతునొద్ద కౌలునకు తీసికొన్న గడ్డిబయలే గతి. కావున బాటను జెట్టునకు తగినట్లు మార్చుట కాదు, జెట్టునే పచ్చికకు తగినట్లు మలచుకొనవలసి వచ్చెను.

రెండేండ్ల క్రిందట దీనిని కన్నులార చూచు అవకాశము నాకు కలిగెను. నా పూర్వశిష్యు డొకడు దక్షిణ జర్మనీలో ఉద్యోగము చేయుచున్నాడు. నేను అతని యింట నున్నప్పుడు ఒక ఆదివారము తన యూరి సంఘపు మైదానమునకు తీసికొనిపోయెను. గోధుమ పొలముల నడుమ సన్నని పచ్చికబాట. మన కల్లమును నూర్పిడికి ముందు తొక్కించి చదును చేసినట్లు, దానిని రోలరుతో అణచి, గడ్డిని వ్రేలిమందమునకు కోసియుంచిరి. ఎలుకజాతి జంతువులు రాత్రి త్రవ్విన మట్టికుప్పలను ఒక ముసలివాడు పారతో చదును చేయుచుండెను. నా శిష్యుడు నవ్వుచు, “మాస్టారూ, ఇక్కడ అందరికంటే పెద్ద ఇంజనీరు ఆయనేనండి. ఆయన గడ్డి కోయకపోతే మా టర్బైన్లన్నీ బొమ్మలే” అనెను. నే నా ముసలివానికి నమస్కరించితిని. ఆయన టోపీ తీసెను.

అచ్చట నేను తెలిసికొన్న దేమన, గడ్డి చక్రమును పట్టుకొనును. ముక్కుచక్రము చిన్నదైనచో గడ్డిలో దిగబడి కాలు వంగును. కావున చక్రములు పెద్దవి, కాళ్లకు స్ప్రింగులు. గట్టిబాటపై నిమిషములో సగపాలు చాలని పరుగు, తడిగడ్డిపై మఱింత సాగును. ఒక్కొక్కప్పుడు ముగియనే ముగియదు, బాట ముగియును. కాని గడ్డివలన మేలును కలదు. యంత్రము మందగతిని తిరుగుచున్నను కొంత త్రోయుచునే యుండును. గట్టిబాటపై విమానము నిలువక జాఱును, పచ్చికపై బుద్ధిగా నిలుచును. దిగిన తరువాత గడ్డియే బ్రేకు. నోటికి సన్నని తీగెవల కట్టుదురు. పచ్చిగడ్డి ముక్క కంటె ఇసుక ఱేణువు ప్రమాదకరము. అందుచే బాగుగ పెరిగిన పచ్చిక బోసినేల కంటె మేలు.

ఎగురవేయువానికి అన్నిటికంటె కఠినమైన పాఠము ఓర్పు. పెట్రోలు యంత్రము మీట త్రోయగానే గర్జించును. టర్బైను అట్లు కాదు. మందగతినుండి పూర్ణవేగమునకు వచ్చుటకు కొన్ని క్షణములు పట్టును. దిగుచు దిగుచు, ఇది సరిగా లేదు మరల పైకి లేతమనుకొన్నచో, ఆ నిశ్చయము నేల దగ్గఱకు రాకమునుపే చేయవలెను. ఆలస్యముగా మీట త్రోసిన వానికి బలము వచ్చుసరికి విమానము ముక్కలై యుండును. పది కిలోల బలము గల యంత్రము పూర్ణవేగమున నిమిషమునకు మూడువందల మిల్లీలీటర్లకు పైగా కిరసనాయిలు త్రాగును. కావున ఎగురుట పది నిమిషములలోపే. చూచువారు కూడ మాటలాడక గడియారమును చూచుచుందురు.

యంత్రమును వెలిగించుట మొదలిడగానే ఒకడు బొగ్గుపులుసు వాయువు నింపిన ఎఱ్ఱని అగ్నిశమన గొట్టమును చేతపట్టుకొని ప్రక్కన నిలిచెను. ఎందులకని అడిగితిని. వెలుగక మునుపే కిరసనాయిలు లోపల మడుగు కట్టినచో, ముట్టుకొన్నంతనే మంట గొట్టము వెంబడి వెడలుననియు, ఎండుగడ్డి దినములలో అది పొలమునకు తగులుననియు చెప్పిరి. 1937లో రగ్బీలో విటిల్ చుట్టు నున్నవారిని పరుగెత్తించినది అదియే గదా! యంత్రము అఱచేతి యంతకు దిగినను దాని దోషము మాత్రము పూర్ణప్రమాణమున వెంట వచ్చినది. వేసవి మిక్కిలి ఎండగా నున్న దినములలో ఆ సంఘము వారు టర్బైనులను వెలిగింపనే వెలిగింపరు. మన పల్లెలలో గడ్డివాముల కాలమున చుట్టలు ఆర్పుమనుట వంటిదే ఆ కట్టడి. కోతకు వచ్చిన పొలము గల రైతు ఒప్పుకొన్నంత కాలమే అచ్చట ఆట. ధ్వని హెచ్చయినదని ఊరివారు గోల చేసినను అంతే. రెండు గంటలనుండి మూడు గంటల వఱకు నిశ్శబ్దముగా నుండవలెనని వారిలో వారే నియమము పెట్టుకొనిరి.

ఈ చిన్న టర్బైనులు మనుష్యుని మోసిన కథయు కలదు. 1909 జూలై 25వ తేదీన లూయీ బ్లేరియో ఫ్రాన్సులోని కలే సమీపమునుండి సముద్రము దాటి ఇంగ్లాండులో డోవరు కోట ప్రక్క పచ్చికలో దిగి, కాళ్లు విఱుగగొట్టుకొనెను. తన కాళ్లు కావు, విమానపు కాళ్లు. 2008 సెప్టెంబరు 26వ తేదీన స్విట్జర్లండు దేశీయుడైన యీవ్ రోసీ అదే సముద్రమును, వీపునకు ఱెక్క కట్టుకొని, దానిక్రింద నాలుగు జెట్‌కాట్ టర్బైనులు బిగించుకొని దాటెను. ఆటబొమ్మల యంత్రములు నాలుగు ఒక మనిషిని సముద్రము దాటించినవి.

ఇంతవఱకు వినుటకు ఇంపు. ఇక చేదు. ఈ కొలతల టర్బైనులు సైన్యములు గుఱిచూచి కొట్టుట నేర్చుకొను లక్ష్యవిమానములకు చాలకాలమునుండి వాడబడుచున్నవి. 2022లో విజృంభించిన ఉక్రెయిను యుద్ధమున ఇరుపక్షములవారును చిన్న జెట్టులు బిగించిన, మనుష్యులు లేని విమానములను పేలుడుమందుతో నింపి ఒకరిమీద నొకరు విడిచిరి. కూలిన కొన్నిటిలో క్రీడావిపణిలో అమ్ముడగు జాతి టర్బైనులే కనబడినవని పత్రికలు వ్రాసినవి. ష్రెక్‌లింగ్ చెక్కను చెక్కుచున్నప్పుడు దీనిని తలచియుండడని నా నమ్మకము. విద్యను దాచినవానిని నిందించితిని. పంచినవాని విద్య ఎవని చేతిలోనికి పోవునో పంచినవాడు ఎఱుగడు. ఈ రెండింటిలో ఏది మేలని నన్నడిగిన, నేను ఇప్పటికిని పంచినవాని పక్షమే. కాని పూర్వమువలె గొంతెత్తి అనలేకున్నాను.

గ్రీన్‌హాము కామన్ మాట చెప్పి ముగింతును. క్షిపణులు 1991 నాటికి తరలిపోయినవి, సైన్యము వెడలిపోయినది. జాక్‌మన్ జెట్టు ఎగిరిన ఆ మహాకాంక్రీటు బాటను పగులగొట్టి, ఆ ఱాళ్లలో కొంత న్యూబరీ పట్టణపు చుట్టుదారి వేయుటకు వాడిరి. 2000 సంవత్సరమున కంచెలు తీసివేసి నేలను ప్రజలకు విడిచిరి. ఊరుమ్మడి హక్కులు గలవారు తమ పశువులను మరల అచ్చటికి తోలుకొనివచ్చిరి. బాట యుండినచోట నేడు పొదలు, పచ్చిక పెరిగి, ఆవులు మేయుచున్నవి.